ఒకే క్షణమున అనేక కంపనములు: లోహశోధక యంత్రము పనిచేయు తీరు

ఎల్.బి. నగరు మెట్రో స్టేషనులో గాని దిల్‌సుఖ్‌నగరు స్టేషనులో గాని ప్రవేశించు ప్రతివారును తలుపులు లేని ద్వారబంధమువంటి యొక చట్రము గుండ నడువవలసియున్నది. జేబులో తాళపుచెవుల గుత్తి యున్నయెడల ఆ చట్రము కూయును. వెంటనే కావలివారు చేతికఱ్ఱవంటి వేఱొక యంత్రమును మన దుస్తులకు దగ్గఱగా పోనిత్తురు, అదియు కూయును. బాటసింగారమునుండి నగరమునకు రాకపోకలు చేయు మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇది నిత్యానుభవమైనది. అయినను ఆ యంత్రము దేనిని కనిపెట్టగలదు, దేనిని కనిపెట్టజాలదు అని విచారించువారు కొలదిమంది మాత్రమే.

ఇదే కుటుంబమునకు చెందిన మఱియొక యంత్రము కలదు. పొడవైన కఱ్ఱ చివర పళ్లెమువంటి గుండ్రని చుట్టను బిగించి, దానిని నేలకు తాకీ తాకనట్లు అటునిటు ఊపుచు భూమిలోని లోహమును వెదకుదురు. ఈ యంత్రములను అమ్మువారి ప్రకటనలలో ‘ఏకకాల బహుపౌనఃపున్య విధానము’ అను భావముగల మాట యిటీవల తఱచుగా కనబడుచున్నది. ఆ మాట గంభీరముగా నుండుటచే కొందఱు దానిని మంత్రమువలె నమ్మి, గుప్తనిధులను చూపునని సొమ్ము పోసి యంత్రములను కొనుచున్నారు. విద్యుదయస్కాంత పాఠము చెప్పినపుడెల్ల విద్యార్థులు మమ్ము అడుగు ప్రశ్నయు ఇదియే: “సారూ, భూమిలోని బంగారమును చూపు యంత్రము నిజముగా నున్నదా?” దీనికి ఔననియో కాదనియో ఒక్క మాట చెప్పి యూరకుండుట కంటె, యంత్రమును విప్పి దాని లోపలి యుక్తిని చూపుటయే మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మూలసూత్రము

1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మాఱుచున్న అయస్కాంత క్షేత్రము దగ్గఱనున్న లోహపు తీగలో విద్యుత్తును పుట్టించునని కనుగొనెను. లోహశోధక యంత్రమంతయు ఈ యొక్క సత్యముపై నిలిచియున్నది. పళ్లెమువంటి ఆ భాగములో రెండు తీగచుట్టలుండును. మొదటిది ప్రేషకము. దానిలో అటునిటు మాఱు విద్యుత్ప్రవాహమును పంపుటచే దాని చుట్టును మాఱుచుండు అయస్కాంత క్షేత్రము కలుగును. ఆ క్షేత్రము నేలలోనికి దిగి యొక నాణెమును తాకినచో, నాణెములో చిన్న చిన్న సుడులవలె తిరుగు ప్రవాహములు పుట్టును. వీనినే సుడిప్రవాహములందురు. ఈ సుడులు తమవంతుగా నొక బలహీనమైన క్షేత్రమును పైకి పంపును. దానిని రెండవదియగు గ్రాహకపు చుట్ట పసికట్టును. ప్రేషకపు క్షేత్రము నేరుగా గ్రాహకమును తాకి చెవుడు పఱపకుండునట్లు, రెండు చుట్టలను కొంత ఒకదానిపై నొకటి వచ్చునట్లమర్చి, నేరుగా చేరు భాగము తనంతట తానే కొట్టుపడునట్లు చేయుదురు.

సుడిప్రవాహములు కంటికి కనబడవు గాని వాని బలమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. మందమైన అల్యూమినియపు గొట్టమును నిలువుగా పట్టుకొని దానిలో బలమైన చిన్న అయస్కాంతపు బిళ్లను జారవిడువుడు. అల్యూమినియము అయస్కాంతమునకు అంటుకొనదు గదా. అయినను బిళ్ల రాయివలె పడిపోక, నీటిలో మునుగు వస్తువువలె మెల్లమెల్లగా దిగును. గొట్టపు గోడలలో పుట్టిన సుడులే దానిని వెనుకకు పట్టి యాపుచున్నవి. తమకు కారణమైన మార్పును ఈ ప్రేరిత ప్రవాహము లెల్లప్పుడు ఎదిరించునని 1834లో లెంజ్ తెలిపిన నియమము ఇదియే.

ప్రథమ యత్నములు

1879లో డేవిడ్ హ్యూజ్ అను శాస్త్రజ్ఞుడు చుట్టలతో ప్రేరణ త్రాసును నిర్మించి లోహపు ముక్కలను పోల్చి చూపెను. 1881 జూలై 2వ తేదీన అమెరికా దేశాధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు శరీరములో ఎక్కడ నిలిచినదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహంబెల్ ఇట్టి త్రాసునొకదానిని సిద్ధపఱచి రోగి దేహముపై వెదకెను. కాని యా మంచమునందు ఉక్కుస్ప్రింగులు గల పఱుపు వేసియుండెను. అదియు త్రాసును కదలించెను. మఱియు వైద్యుడు కుడిప్రక్కనే వెదకనిచ్చెను. గుండో, మరణానంతరము తెలిసినట్లు, ఎడమప్రక్కన నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను.

ఈ కథలో మనకు కావలసిన పాఠము కలదు. బెల్ యంత్రము చెవిటిది కాదు. అది గుండును వినగలిగినదే. కాని మంచపు ఉక్కు చేయు సద్దును గుండు చేయు సద్దునుండి విడదీయజాలకపోయెను. నాటినుండి నేటివఱకు ఈ యంత్రమును బాగుచేసినవారి శ్రమయంతయు వినుటకు మాత్రమే కాదు, అక్కఱలేని సద్దునుండి అక్కఱగల సద్దును వేఱుపఱచుట కొఱకే జరిగినది. 1930వ దశాబ్దమున గెర్హార్డు ఫిషరు అమెరికాలో చేత పట్టి నడపదగిన యంత్రమును నిర్మించి 1937లో హక్కుపత్రమును పొందెను. రెండవ ప్రపంచ యుద్ధమున పోలండు దేశీయుడైన యూజెఫ్ కొసాట్స్కి భూమిలో పాతిన మందుపాతరలను కనుగొను యంత్రమును రూపొందింపగా, 1942లో ఎల్ అలమీన్ ఎడారి యుద్ధమున అది వేలమంది సైనికులకు దారి చూపెను.

పౌనఃపున్యమనగా నేమి?

ప్రేషకపు చుట్టలోని ప్రవాహము సెకనుకు ఎన్ని మాఱులు అటునిటు తిరుగునో ఆ సంఖ్యయే పౌనఃపున్యము. మన యిండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 మాఱులు తిరుగును. నేలను వెదకు యంత్రములలో అది సాధారణముగా కొన్ని వేలనుండి కొన్ని పదులవేలవఱకు నుండును.

ఇచట నొక విశేషమున్నది. సుడిప్రవాహము తక్షణమే పుట్టి తక్షణమే చావదు. లోహము మందమై, విద్యుత్తును చక్కగా పాఱనిచ్చునదైనచో సుడి చాలసేపు నిలుచును. పలుచని రేకులో అది పుట్టిన వెంటనే నశించును. చార్మినారు బొమ్మ గల నిజాము కాలపు హాలీసిక్కా వెండిరూపాయిలో సుడి బాగుగ నిలుచును. శాతవాహనులు ముద్రించిన సీసపు నాణెములలో, సీసము మంచి వాహకము కాదు గనుక, అంత నిలువదు. చాక్లెటు చుట్టిన రేకులో మిక్కిలి త్వరగా ఆఱిపోవును. ఈ నిలుకడయే వస్తువు యొక్క గుర్తు.

పౌనఃపున్యము హెచ్చినకొలది సుడులు లోహపు పైపొరకే పరిమితములగును. రాగిలో సెకనుకు 50 కంపనములప్పుడు ప్రవాహము సుమారు 9 మిల్లీమీటర్ల లోతువఱకు దిగును; 5,000 కంపనములప్పుడు ఒక మిల్లీమీటరుకు కొంచెము లోపు; 20,000 కంపనములప్పుడు అర మిల్లీమీటరు లోపే. నాలుగురెట్లు కంపనములకు లోతు సగమగునని విద్యార్థులు గమనింపవచ్చును. అందుచే పెద్ద నాణెములకు తక్కువ పౌనఃపున్యమును, సన్నని గొలుసులకును చిన్న రేకులకును హెచ్చు పౌనఃపున్యమును అనుకూలములు. ఒకే పౌనఃపున్యము గల యంత్రమును చేయువాడు ఈ రెండింటిలో దేనికో యొకదానికి మొగ్గక తప్పదు.

మన బాటసింగారపు పండ్ల మార్కెటునకు పోయి చూడుడు. గడ్డిఅన్నారమునుండి 2021-22 సంవత్సరములలో ఇచటికి తరలివచ్చిన ఆ మార్కెటులో అనుభవజ్ఞుడైన వర్తకుడు పుచ్చకాయను కోయడు. వ్రేలితో తట్టి చెవియొగ్గును. ఒక్క తట్టుతో తృప్తిపడక మెల్లగా నొకమాఱు, గట్టిగా నొకమాఱు, అరచేతితో నొకమాఱు తట్టును. కాయ లోపలి స్థితి ఒక్కొక్క తట్టునకు ఒక్కొక్క తీరుగ బదులు పలుకును. అన్నింటిని పోల్చి అతడు తీర్పు చెప్పును. బహుపౌనఃపున్యమనగా లోహమును ఇట్లు పలు తీరుల తట్టి చూచుటయే.

ఏకకాలమున నెందుకు?

అట్లయిన ఒక పౌనఃపున్యము తరువాత నింకొకదానిని మార్చి మార్చి పంపరాదా యని యడుగవచ్చును. మీట త్రిప్పి పౌనఃపున్యమును మార్చుకొను యంత్రములును కలవు. వానిని ఎన్నుకొను పౌనఃపున్యముల యంత్రములనవలెను గాని ఏకకాల యంత్రములనరాదు. చుట్ట నేలపై నిరంతరము కదలుచుండును; నాణెముపై నది యుండునది అర సెకను మాత్రమే. ఒక పౌనఃపున్యమునకు వచ్చిన బదులు ఒకచోటను, రెండవదానికి వచ్చిన బదులు జానెడు దూరమునను కలిగినచో ఆ రెండింటిని పోల్చుటవలన ప్రయోజనమేమి? ఒకే సంఘటనను ఒకే క్షణమున చూచిన ఇద్దఱు సాక్షుల మాటలను పోల్చినపుడే న్యాయాధిపతికి నిజము తేలును. ఒకడు నిన్న చూచినదానిని, ఇంకొకడు నేడు చూచినదానిని చెప్పినచో తేలదు.

కావున ఏకకాల విధానమున ప్రేషకములోనికి రెండు, మూడు, అంతకు హెచ్చు కంపనములను కలిపిన ప్రవాహమును ఒక్కసారిగనే పంపుదురు. ఇది కష్టమని తోచును గాని కాదు. మెట్లు మెట్లుగా ఎక్కి దిగు చతురస్రపు తరంగములో, అసలు పౌనఃపున్యముతోపాటు దానికి మూడురెట్లు, ఐదురెట్లు, ఏడురెట్లు మొదలగు కంపనములును సహజముగనే యిమిడియుండును. వేర్వేఱు వెడల్పుల మెట్లను క్రమముగ పేర్చి, కావలసిన కంపనములకు బలమెక్కువ యగునట్లు చేయవచ్చును.

కలిపి పంపినవానిని మరల విడదీయుటెట్లు? వీణయు మృదంగమును ఒక్కసారి వినబడినను మన చెవి రెండింటిని వేఱుపఱచుచున్నది గదా! గ్రాహకములో పుట్టిన సంకేతమును యంత్రము సెకనుకు అనేక వేల మాఱులు కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలను ఒక్కొక్క పౌనఃపున్యపు మాదిరి తరంగముతో హెచ్చించి కూడగా, ఆ పౌనఃపున్యమునకు చెందిన భాగము మాత్రము నిలిచి తక్కినవి ఒకదానితో నొకటి కొట్టుపడిపోవును. ప్రతి పౌనఃపున్యమునకును రెండేసి ఫలితములు వచ్చును: పంపిన క్షేత్రముతో సరిగా జతపడిన భాగమొకటి, దానికి కాలు వంతు చక్రము వెనుకబడిన భాగమొకటి. మొదటిదానిని జతభాగమనియు, రెండవదానిని వెనుకభాగమనియు పిలుతము.

చిన్న లెక్క

ఉన్నత తరగతుల విద్యార్థులు ఈ క్రింది లెక్కను స్వయముగ చేయవచ్చును. సుడియొక్క నిలుకడను పౌనఃపున్యముతో తగురీతిని హెచ్చింపగా వచ్చు సంఖ్యను ‘ప’ అందము. యంత్రము తన కొలతలను సరిచేసికొనిన పిదప, వెనుకభాగము ప ÷ (1 + ప × ప) అను విధముగను, జతభాగము ప × ప ÷ (1 + ప × ప) అను విధముగను మాఱును. రెండు పౌనఃపున్యములను, సెకనుకు 5,000 మఱియు 20,000 అని తీసికొందము. రెండవది మొదటిదానికి నాలుగురెట్లు గనుక ‘ప’ కూడ నాలుగురెట్లగును.

పలుచని రేకునకు 5,000 వద్ద ప = 0.1 అనుకొందము. వెనుకభాగము 0.099. 20,000 వద్ద ప = 0.4, వెనుకభాగము 0.345. అనగా దాదాపు మూడున్నర రెట్లు పెరిగినది.

మందమైన నాణెమునకు 5,000 వద్ద ప = 2 అనుకొందము. వెనుకభాగము 0.4. 20,000 వద్ద ప = 8; వెనుకభాగము 0.123. అనగా మూడవ వంతునకు తగ్గినది. ఒకటి పెరుగగా నొకటి తగ్గినది! ఒకే పౌనఃపున్యమున వెనుకభాగమును మాత్రమే కొలిచినవానికి ఈ భేదము తెలియదు. పెద్ద రేకు దూరమున నున్నదో, చిన్న నాణెము దగ్గఱ నున్నదో యని అతడు చాల సందర్భములందు తికమకపడును.

ఇపుడు అక్కఱలేని సద్దుల సంగతి చూతము. అవి ముఖ్యముగ రెండు. మొదటిది నేల. మన రంగారెడ్డి జిల్లా ప్రాంతపు ఎఱ్ఱ చెల్కనేలలలో ఇనుప భస్మములు కలిసియున్నవి. వానిలో కొన్ని అయస్కాంత క్షేత్రమును తమవైపు లాగుకొనును. అయస్కాంతమును ఇసుకలో పొర్లించినచో దాని కంటుకొను నల్లని పొడియే దీనికి సాక్ష్యము. ఈ నేలసద్దు దాదాపుగ జతభాగములోనే యుండి, అన్ని పౌనఃపున్యములందును ఇంచుమించు ఒకే పరిమాణముగ నుండును. రెండవది ఉప్పునీరు. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణముల సముద్రతీరమున తడిసిన యిసుక తానే యొక బలహీన వాహకము. దానిలో ‘ప’ మిక్కిలి స్వల్పము. కనుక దాని సద్దు వెనుకభాగములోనుండి, పౌనఃపున్యము నాలుగురెట్లయినచో సరిగా నాలుగురెట్లగును.

ఈ రెండు గుణములు తెలిసిన పిదప యుక్తి సులభము. ఉప్పును తొలగించుటకు 20,000 వద్ది వెనుకభాగమునుండి 5,000 వద్ది వెనుకభాగమునకు నాలుగురెట్లు తీసివేయుడు. ఉప్పునకు ఫలితము సున్న. నాణెమునకు 0.123 నుండి 1.6 తీసివేయగా ఋణ 1.477, అనగా నాణెము చెక్కుచెదరక నిలిచినది. నేలను తొలగించుటకు 20,000 వద్ది జతభాగమునుండి 5,000 వద్ది జతభాగమును తీసివేయుడు. నేలకు ఫలితము సున్న, నాణెమునకు 0.985 నుండి 0.8 పోగా 0.185 మిగులును. రెండు శత్రువులును ఒకేసారి తొలగినవి. ఒకే పౌనఃపున్యముతో నేలను తొలగించినచో ఉప్పు మిగులును, ఉప్పును తొలగించినచో నేల మిగులును. రెండు అజ్ఞాతరాశులకు రెండు సమీకరణములు కావలెనని బీజగణితములో మేము బోధించునది ఇదియే గదా!

ఇక పలుచని రేకును కూడ అట్లే పరీక్షించి చూడుడు. 0.345 నుండి 0.396 పోగా ఋణ 0.051 మాత్రమే. ఉప్పుతోపాటు రేకు కూడ ఇంచుమించుగ మాయమైనది. సముద్రతీరమున సన్నని బంగారు గొలుసు పోయినచో ఉత్తమ యంత్రములకును దొరకుట కష్టమగుటకు కారణమిదే. ప్రకటనలు చెప్పనిది లెక్క చెప్పును.

ఇనుము సంగతియు ఇట్టిదే. ఇనుము క్షేత్రమును లాగుకొనును. సుడులను కూడ పుట్టించును. తక్కువ పౌనఃపున్యమున మొదటి గుణమును, హెచ్చు పౌనఃపున్యమున రెండవ గుణమును పైచేయి యగును. అందుచే సోడాసీసాల చదునైన యినుపమూతలు ఒక్క పౌనఃపున్యపు యంత్రమును నాణెములవలె మోసగించుట కలదు. రెండు పౌనఃపున్యముల బదుళ్లను పోల్చినచో మోసము చాలవఱకు బయటపడును.

1991 ప్రాంతమున ఈ విధానము బజారులోనికి వచ్చినది. అమెరికాలోని ఫిషరు సంస్థ 5,000, 15,000 కంపనములను కలిపి వాడు యంత్రములను, ఆస్ట్రేలియాలోని మైన్‌ల్యాబు సంస్థ 1,500 మొదలు 25,500 వఱకు 17 పౌనఃపున్యములని ప్రకటించిన యంత్రమును వెలువరించినవి. మైన్‌ల్యాబు విధానమును కల్పించినవాడు బ్రూస్ క్యాండీ యను శాస్త్రజ్ఞుడు. పిమ్మట ఆ సంఖ్య 28కి పెరిగినది. అయినను ప్రకటించిన సంఖ్యనుబట్టి యంత్రమును మెచ్చుకొనుట తగదు. ఎన్నింటిని పంపెనన్నదానికంటె ఎన్నింటిని విడదీసి పోల్చుచున్నదన్నదియే ముఖ్యము. పైగా బలమంతయు ఒకే కంపనమునకు ఇచ్చుటకు బదులు పలుకంపనములకు పంచవలసివచ్చును.

వంటింటికి దాని మేలు

నేలలో నాణెములు వెదకువారికంటె మన యాహారమును కాపాడువారికి ఈ విద్య హెచ్చుగ నుపయోగపడుచున్నది. పచ్చళ్లను, మసాలాలను, మందులను సీసాలలో నింపు కర్మాగారములలో, సీసాలు నడిచిపోవు పట్టీకి చుట్టును సొరంగమువంటి లోహశోధకము నుంతురు. దానిలో నడుమ నొక ప్రేషకమును, ఇరుప్రక్కల రెండు గ్రాహకములును ఉండును. యంత్రపు కత్తినుండి విఱిగిన చిన్న తునకయు ఆహారములో కలియకుండ నది కావలి కాయును.

ఆవకాయను తలంచుడు. ఉప్పు, మామిడి రసము కలిసిన ఆవకాయ ఉప్పునీటివలెనే విద్యుత్తును పాఱనిచ్చును. కావున లోహము లేకున్నను యంత్రము కూయును. ఈ సద్దును తగ్గించుటకు పౌనఃపున్యమును తగ్గింపవలెను. కాని కర్మాగారపు కత్తులు తుప్పుపట్టని ఉక్కుతో చేయబడును. ఆ ఉక్కులో చాల రకములు అయస్కాంతమునకు లొంగవు. మంచి వాహకములును కావు. దాని తునకను పట్టుటకు హెచ్చు పౌనఃపున్యము కావలెను. ఇటు ఆవకాయ తక్కువను, అటు ఉక్కుతునక ఎక్కువను కోరుచున్నవి. ఈ చిక్కును ఏకకాల విధానము, మనము పైన చేసిన తీసివేత లెక్కవంటిదానితోనే, విడదీయుచున్నది. బిడ్డ నోటిలోనికి పోవలసిన ముద్దనుండి ఉక్కుముక్కను తొలగించిన లెక్క చిన్నది కాదు.

ఈ యంత్రము చేయజాలనివి

మొదటిది: ఇది లోహము పేరు చెప్పజాలదు. సుడి నిలుకడను మాత్రమే చెప్పును. బంగారు ఉంగరమును, పానీయపు డబ్బాపై ఊడివచ్చు అల్యూమినియపు కొక్కెమును ఒకే నిలుకడ గలవై యుండవచ్చును.

రెండవది: ఇది లోతుగ చూడజాలదు. చుట్టనుండి దూరమైనకొలది క్షేత్రము దూరపు ఘనమును బట్టి క్షీణించును. బదులు పైకి వచ్చునపుడు మరల నంతయే క్షీణించును. కనుక చిన్న వస్తువు రెండురెట్ల లోతున నున్నచో దాని సద్దు 64వ వంతగును. సాధారణమైన నాణెము జానెడు జానెడున్నర లోతునకు మించినచో కనుగొనుట కష్టము. నిలువులోతున నున్న కాసును చేతియంత్రము చూపునని చెప్పువారిని నమ్మరాదు.

మూడవది: ఇది పేలుడు పదార్థమును కనిపెట్టదు, లోహమును మాత్రమే కనిపెట్టును. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరులో కోణార్కు, వెంకటాద్రి సినిమాహాళ్ల సమీపమున రెండు బాంబులు ప్రేలి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుర్మార్గులు బాంబులను సైకిళ్లపై నుంచి పోయిరి. సైకిలే యొక యినుపసామాను గదా! వేలాది బండ్లు తిరుగు వీధిలో లోహమును చూచి కూయు యంత్రము ఏ సైకిలును చూచి కూయవలెను? స్టేషను ద్వారమున సంచులను వేఱుగా ఎక్సురే యంత్రములో పంపుటయు, యజమాని లేని సంచిని చూచినపుడు వెంటనే పోలీసులకు తెలుపుడని మాటిమాటికి చెప్పుటయు ఇందుకొఱకే. యంత్రము మనుష్యుల మెలకువకు తోడు మాత్రమే. దానికి మాఱు కాదు.

కపటయంత్రములు

అదే 2013లో ఇంగ్లండు న్యాయస్థానము జేమ్స్ మెకార్మిక్ అను వర్తకునికి 10 సంవత్సరముల శిక్ష విధించెను. గాల్ఫుబంతులను వెదకుటకని అమ్మిన బొమ్మవంటి వస్తువును అనుసరించి, పిడికి ఊగులాడు కడ్డీని తగిలించి, బాంబులను దూరమునుండియే చూపు యంత్రమని ఇరాకు మొదలగు దేశములకు అతడు గొప్ప వెలకు అమ్మెను. దానిలో పనిచేయు విద్యుద్భాగమేదియు లేదు. బాగ్దాదు కావలిచోట్ల సైనికులు ఆ పిడిని నమ్మి నిలుచుండిరి.

మన పల్లెలలో గుప్తనిధిని చూపునని తిప్పు కడ్డీలును ఇట్టివే. వానిని నమ్మి పొలములమ్మినవారి సంగతులను, రాత్రివేళ ప్రాతగుళ్లను కోటలను త్రవ్వి పట్టుబడినవారి సంగతులను పత్రికలలో తఱచుగా చదువుచున్నాము. తలిదండ్రులకు మేమొక సులభమైన పరీక్షను సూచించుచున్నాము. పది ముంతలను బోర్లించి, యంత్రము పట్టువాడు చూడకుండ నొకదాని క్రింద వెండినాణెము నుంచుడు. నాణెము ఎక్కడ నున్నదో తెలిసినవారెవరును ఆ గదిలో నుండరాదు. అతడు చూపిన ముంతను వ్రాసికొని, నాణెపు చోటును మార్చి మూడుమాఱులు చేయుడు. కేవలము అదృష్టముచేత మూడుమాఱులు సరిగా చూపుట వేయిటికి ఒక్కసారి మాత్రమే జరుగును. నిజమైన యంత్రము ఈ పరీక్షకు వెఱవదు. పరీక్ష యనగానే గ్రహములు బాగులేవనువాడు మోసగాడని యెఱుంగుడు.

చట్టమును గూర్చియు నొక మాట. 1878 నాటి నిధినిక్షేపముల చట్టమును బట్టి, భూమిలో దాగిన సొత్తు 10 రూపాయలకు మించి వెలగలదై దొరకినచో, దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెను. రక్షిత పురాతన స్థలములలో అనుమతి లేక త్రవ్వుటను 1958 నాటి చట్టము నిషేధించుచున్నది. మన రాష్ట్రమునకు 2017లో ప్రత్యేకముగ వారసత్వ సంరక్షణ చట్టమును చేయబడినది. ఇవి కేవలము ప్రభుత్వపు సొమ్మును కాపాడుటకు మాత్రమే కావు. గోదావరి యొడ్డున కోటిలింగాలలో దొరకిన నాణెములు ఆ చోటివేయని తెలియుటచేతనే, తొలి శాతవాహనులకు తెలంగాణముతో గల సంబంధమును పండితులు విచారింపగలిగిరి. ఎక్కడ దొరకినదో తెలియని నాణెము పుటనుండి చింపిన అక్షరమువంటిది. దానిని చదువవచ్చును గాని వాక్యము తెలియదు.

కావున విద్యార్థులు అడుగు ప్రశ్నకు మా సమాధానమిది. భూమిలోని లోహమును చూపు యంత్రము నిజముగానే యున్నది. అది మంత్రము కాదు. ఫారడే నియమమును, రెండు సమీకరణముల బీజగణితమును, ఓర్పుతో చేసిన తీసివేతయును మాత్రమే. అది బంగారమను పేరు నెఱుగదు, లోతు నెఱుగదు, మనుష్యుని దురుద్దేశము నెఱుగదు. వచ్చిన బదులును ఒక్కదానిని నమ్మక, మఱియొకదానితో పోల్చి, రెండింటికిని సరిపడిన దానినే నిజమని గ్రహించుట దాని పద్ధతి. ఎవరైన యంత్రమును చేతబట్టుకొని మీ యింటి గుమ్మములోనికి వచ్చినపుడు మీరును ఆ పద్ధతినే యవలంబింపుడు. ముంతలు పది చాలును.